నాలుగున్నర గంటల ఫాస్లా

"దమ్మాం నుంచి హైదరాబాద్‌కు ఎన్ని గంటల సఫర్ బేటా?"

మా ఫుప్పు ఈ సవాల్ నన్ను ముప్పై ఏడు రోజులు అడిగింది. ఫజర్ నమాజ్ అయినంక ఒకసారి, ఇషా అయినంక ఒకసారి. మొదటి రోజు నేను ఫోన్ల చూసి పక్కాగ చెప్పిన. "నాలుగున్నర గంటలు ఫుప్పూ." జర్నలిస్టును కద, అంకె తప్పు చెప్తె ఇజ్జత్ పోతదని నా ఫికర్. పదో రోజుకు ఆ జవాబు నా నోట్లకెళ్లి వస్తలేదు. ఇరవయ్యో రోజు ఆమెనే అన్నది: "నాలుగున్నర గంటలే కద బేటా, మరి వాడింకా ఎందుకు రాలె?"

వాడంటె ఆమె కొడుకు. జగిత్యాల దిక్కు ఊరు. నాకంటె నాలుగేండ్లు చిన్న. నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లనే ఏడో తరగతి దాంక చదివి బంద్ చేసిండు, పద్దెనిమిదేండ్లు సౌదీల ప్లంబర్ పని చేసిండు. ఒక రాత్రి క్యాంపుల పండుకున్నడు, పొద్దుగాల లేవలేదు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇది మర్సియా కాదు. ఏడ్వడానికి మా ఖాందాన్‌ల మస్తు మంది ఉన్నరు. నాకు గుస్సా ఉన్నది, ఆ గుస్సాకు హిసాబ్ ఉన్నది. అదే రాస్తున్న.

ముందుగాల ఆ నాలుగున్నర గంటల అస్లియత్ చూద్దాం. భూమి గోళం మీద రెండు ఎయిర్‌పోర్టుల నడుమ దారం గుంజి పట్టి కొలిస్తె వచ్చేదే విమానాల లెక్కల దూరం. శంషాబాద్ నుంచి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు. దమ్మాంకు 3,100 పైన. రియాద్‌కు 3,400. జిద్దాకు 4,100 పైచిల్లర. దుబాయికి నాలుగు గంటలు, జిద్దాకు ఆరు గంటలకు అటు ఇటు. పైన గాలి ఎక్కువ పడమటి నుంచి తూర్పుకు కొడ్తది గనక పోయేటప్పుడు జర ఆలస్యం, వచ్చేటప్పుడు జర జల్దీ. పరదేస్ పోయేటోనికి గాలి ఎదురు, ఇంటికొచ్చేటోనికి గాలి ఎనుక. గడియారం తమాషా ఇంకోటి. సౌదీ టైం మనకంటె రెండున్నర గంటలు ఎనుక. పొద్దుగాల నాలుగింటికి శంషాబాద్‌ల ఎక్కినోడు అక్కడి టైం ఆరున్నరకు దమ్మాంల దిగుతడు. టికెట్ మీద చూస్తె రెండున్నర గంటలే సఫర్. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు బస్సుల పోయినా ఇంతకంటె ఎక్కువ పడ్తది!

ఈ లెక్కలన్నీ సహీ. ఒక్క అంకె కూడ తప్పు లేదు. కాని ఈ లెక్క ఎవని కోసం కట్టింది? విమానం కోసం. దాంట్ల కూసున్న ఆద్మీ కోసం కాదు. దాంట్ల సామాన్ల దిక్కు డబ్బల వచ్చే ఆద్మీ కోసం అసలే కాదు.

పోయిన ఎండకాలం ఆదిలాబాద్‌ల ఒక జల్సాకు పోయిన. స్టేజీ మీద ఒక లీడర్ సాబ్ మైకు పట్టుకోని, "ఎయిర్‌పోర్ట్ వచ్చిందంటె దుబాయి మన గుమ్మం ముందటుంటది, మన గల్ఫ్ అన్నలకు తిప్పలుండయి" అన్నడు. తాలియా మోగినయి. నా పక్కన కూసున్న ముసలాయన కూడ కొట్టిండు. "చాచా, మీకెవరన్న ఉన్నరా అక్కడ?" అని అడిగిన. "ఇద్దరు బేటా, ఖతర్‌ల" అన్నడు. ఆయన తాలీ మీద నాకు గుస్సా రాలేదు. మైకు మీద వచ్చింది.

ఎందుకంటె ఆదిలాబాద్ ఏరోడ్రం నిజాం కాలం నాటిది. ఎయిర్‌ఫోర్స్ చేతిల ఉన్న ఆ జాగల గొడ్లు మేసినయి, పొద్దుగాల మనుషులు వాకింగ్ చేసిన్రు. 2025ల రక్షణ శాఖ సివిల్ విమానాలకు ఇజాజత్ ఇచ్చింది. మంచిదే. బసంత్‌నగర్ల కూడ ఒక పట్టీ ఉండె, 1980లల్ల వాయుదూత్ విమానం అక్కడ దిగేది. సిమెంటు ఫ్యాక్టరీ సాబులు, కోల్‌బెల్ట్ ఆఫీసర్లు ఎక్కిన్రేమో గాని బొగ్గుబాయి నౌకరీ దొరుకక బొంబాయి పోయినోడు, బొంబాయి నుంచి దుబాయి పోయినోడు దాంట్ల ఎక్కిండని నేను ఇనలేదు. ఇప్పుడొచ్చే ఎయిర్‌పోర్టుల ఏం దిగుతది? ఉడాన్ స్కీం లెక్కన డెబ్బై సీట్ల ఏటీఆర్. అది హైదరాబాద్ పోతది. గల్ఫ్ పోవాల్నంటె పెద్ద జెట్ కావాలె, దానికి పొడుగు రన్‌వే కావాలె, ఇమిగ్రేషన్ కావాలె, కస్టమ్స్ కావాలె. ఆ ముచ్చట మైకుల ఎవ్వరూ చెప్పరు.

నమూనా చూడాల్నంటె దూరం పోవద్దు, నాందేడ్ చూడున్రి. నిర్మల్‌కు పక్కనే. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ మొదలైన రోజే నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు విమానం ఎగిరింది. గంట సఫర్‌కు 2,500 రూపాయలని టీవీలల్ల ఊదర. కొన్నేండ్లకే ఆ కంపెనీ విమానాలే బంద్ అయినయి. ముధోల్ నుంచి, భైంసా నుంచి మస్కట్ పోయేటోడు ఆ గంట విమానం కోసం ఆగలేదు, కిరాయి కార్ల ముందు సీటు కోసమే కొట్లాడిండు.

కిరాయి కారు యాదికొచ్చింది గనక చెప్తున్న. మా దిక్కు పరదేస్ పోయేటోడు ఒక్కడు పోడు. అమ్మీ, అబ్బా, బీవీ, ఇద్దరు పిల్లలు, బామ్మర్ది, ఒక దోస్తు. పాత తవేరాల ఎనిమిది మంది. ఎనుక డిక్కీల తాళ్లు కట్టిన అట్టపెట్టె, దాంట్ల మామిడికాయ తొక్కు, కారప్పొడి, సకినాలు. పెట్టె మీద పెద్ద అక్షరాలతోని పేరు, ఊరు. ఆదిలాబాద్ నుంచి శంషాబాద్ సుమారు 340 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. జగిత్యాల నుంచి అయిదారు గంటలు. ఫ్లైట్‌కు మూడు గంటల ముందు ఉండాలె. ట్రాఫిక్ భయానికి ఇంకో రెండు గంటల ముందు బయల్దేరుతరు. అంటె నాలుగు గంటల ఆకాశం కోసం పది పన్నెండు గంటల నేల. ఆదిలాబాద్ నుంచి సీదా గీత గీస్తె శంషాబాద్ 270 కిలోమీటర్లు, నాగపూర్ ఎయిర్‌పోర్ట్ 170. నాగపూర్ మీదికెళ్లి షార్జాకు, దోహాకు విమానాలు నడిచినయి. అయినా మనోళ్లు ఇటే ఉరుకుతరు, ఎందుకంటె ఏజెంటు ఆఫీసు ఇటే, మెడికల్ ఇటే, కాయితాలు ఇటే. మనిషి సఫర్‌ను విమానం నడపదు, కాయితం నడుపుతది.

ఇంకో గీత ముచ్చట కూడ ఇనున్రి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 2008 మార్చిల మొదలైంది. 2004ల దాని కోసం చేసుకున్న ఖరార్‌నామాల ఒక షరతు ఉన్నది. గగనతలం లెక్కన 150 కిలోమీటర్ల లోపల 25 ఏండ్ల దాంక ఇంకో ఎయిర్‌పోర్ట్ రావొద్దని. మామునూరు ఇన్నేండ్లు ఆగింది ఆ షరతు కాడనే, 2025 ఫిబ్రవరిల గాని దానికి రాస్తా సాఫ్ కాలేదు. మ్యాప్ మీద కంపాస్ పెట్టి గీసి చూసిన. కరీంనగర్ దాదాపు ఆ గీత మీదనే పడ్తది. అంటె మా జిల్లాకు ఆకాశం ఎంత దూరమో ఒక కంపెనీ కాయితం మీద రాసి పెట్టిన్రు. మా ఫుప్పుకు ఆమె కొడుకు ఎంత దూరమో మాత్రం ఏ కాయితం మీదా రాయలేదు.

పాత జమానా మంచిగుండె అంటలేను. మా అబ్బా జమానాల బొంబాయి బస్సు ఎక్కాలె. ఒక రాత్రి, ఒక పగలు నడుములు ఇరిగే సఫర్. డోంగ్రీలనో భివండీలనో ఏజెంటు చూపిన ఖోలీల పదిహేను మంది పండుకోని వీసా కోసం ఇంతెజార్. వారమంటె నెల, నెలంటె మూడు నెలలు. కొందరు దుబాయి చూడకుండనే బొంబాయి నుంచి వాపస్ వచ్చిన్రు, ఊర్ల మొఖం చూపెట్టలేక భివండీ లూమ్‌ల మీద కుదిరినోళ్లు కూడ ఉన్నరు. విమానం అప్పుడూ మూడు గంటలే! హజ్‌కు పోయే పడవలు కూడ బొంబాయి నుంచే, 1995ల ఆ పడవలు బంద్ అయినయి. పడవల పోయినోళ్లు దూరాన్ని రోజులల్ల చెప్పేటోళ్లు. అది ఈమాన్‌దారీ లెక్క. పడవ ఎక్కినోడు దిగే దాంక ఎన్ని రోజులో అన్ని రోజులు. గంటల లెక్క వచ్చినంకనే మోసం మొదలైంది.

2025 ఏప్రిల్‌ల పాకిస్తాన్ తన ఆకాశం బంద్ పెట్టినప్పుడు ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా పోయే ఫ్లైట్లు గంట, రెండు గంటలు ఎక్కువ తిరగాల్సి వచ్చింది. అంగ్రేజీ అఖ్బారుల పేజీలకు పేజీలు రాసిన్రు. ఎంత ఇంధనం, ఎంత నుక్సాన్, ముసాఫిర్లకు ఎంత తక్లీఫ్ అని మ్యాపులు గీసిన్రు, బాణాలు పెట్టిన్రు. నేను కూడ ఆ వార్త తర్జుమా చేసిన, నౌకరీ కద. రెండు గంటలు ఎక్కువైతె మ్యాపు గీసే అఖ్బారు, ముప్పై ఏడు రోజులు ఎక్కువైతె లోపలి పేజీల నాలుగు లైన్లు ఏస్తది. "స్వగ్రామానికి చేరిన మృతదేహం" అని. ఆ హెడ్డింగ్ నేనే ఎన్నిసార్లు పెట్టిన్నో. చేరింది అని రాసిన్రు గాని ఎన్ని రోజులకు చేరిందో రాయాలన్న సోయి నాకే ఉండకపాయె. ఇది నా మీద నేను చేసుకుంటున్న షికాయత్.

ఇగ ముప్పై ఏడు రోజుల హిసాబ్. పరదేస్‌ల మనిషి చనిపోతె మొదలు పోలీస్ కాయితం, తర్వాత దవాఖానా కాయితం. మౌత్ ఎట్లయిందో అరబ్బీల రాస్తరు, దాని తర్జుమా కావాలె. ఇక్కడ్నుంచి వారసులు వకాలత్‌నామా పంపాలె, నోటరీ కావాలె. ఎంబసీ ఎన్ఓసీ కావాలె, పాస్‌పోర్ట్ రద్దు కావాలె. కఫీల్ జీతం బాకీల హిసాబ్ తేల్చి సంతకం పెట్టాలె. అప్పుడు మయ్యత్‌కు మసాలా పెడ్తరు, ఎంబామింగ్. అప్పుడు కార్గో బుకింగ్. ఒక్క సంతకం ఆగితె అన్నీ ఆగుతయి. మాకు ఆగింది కంపెనీ సంతకం కాడ. కంపెనీ మేనేజర్ ఛుట్టీల ఉన్నడు, వచ్చినంక చూస్తం అన్నరు. మార్చురీ పెట్టెల మా వాడు, ఛుట్టీల మేనేజర్.

ఆ నడుమ ఊర్ల షామియానా రెండుసార్లు ఏసి రెండుసార్లు పీకినం. "ఎల్లుండి వస్తడు" అని ఖబర్ వస్తె ఏసుడు, రాకపోతె పీకుడు. ఇంటికి చుట్టాలొస్తరు, పోతరు. యాసీన్ చదువుతరు, పోతరు. బీవీ ఇద్దత్ ఏ రోజు నుంచి లెక్క పెట్టాలె అని ఆడోళ్లల్ల బహస్. మౌత్ అయిన రోజు నుంచే అని మౌలానా సాబ్ చెప్పిండు. ఖబ్ర్ కంటె ముందు ఇద్దత్ నడిచింది మా ఇంట్ల.

ఇక్కడ మన బిరాదరీల కొందరి మాట మీద నాకొక ఏత్‌రాజ్ ఉన్నది. "ముసల్మాన్ ఎక్కడ చనిపోతె అక్కడనే దఫన్ చేయాలె, జల్దీ చేయాలె, ఇంత దూరం తేవుడు ఎందుకు, సౌదీ జమీన్ కంటె ముబారక్ జాగ ఏమున్నది" అని ఫుప్పు ముందటనే అన్నరు. మసలా సహీ. దఫన్‌ల జల్దీ చేయాలన్నది నాకూ ఎరుకే. కాని జనాబ్, అక్కడ దఫన్ చేయాల్నన్నా ఆ కాయితాలే కావాలె. ఇంటోళ్ల రజామందీ కావాలె, ఎంబసీ ఎన్ఓసీ కావాలె, కఫీల్ కావాలె. మన మసలా జల్దీ అంటది, వాళ్ల కాయితం ఠహర్‌జావ్ అంటది. అసలు సవాల్ ఆ తల్లి జిద్దు కాదు, ఆ కాయితం. తల్లిని సబర్ చేయమనుడు ఆసాన్, దఫ్తర్‌ను జల్దీ చేయమనుడు ముష్కిల్, అందుకే అందరం తల్లికే తఖ్రీర్ చేస్తం. మరి అదే క్యాంపుల అదే గదిల మా వాని పక్క మంచం మీద పండుకునే మెట్‌పల్లి పిల్లగాడు చనిపోతె? సౌదీల చితి కాల్చనియ్యరు. వాని అమ్మకు ఈ సలహా కూడ లేదు. ఆమెకు ఇంతెజార్ ఒక్కటే రాస్తా.

పైసల లెక్క కూడ చెప్తె ఖతం అయితది. 2019 జనవరి దాంక ఎయిరిండియా గల్ఫ్ నుంచి వచ్చే శవాన్ని కిలోల లెక్కన తూచి కిరాయి తీసుకునేది. ఉల్లిగడ్డ లెక్క. పరదేసీలు ఏండ్ల కొద్ది మొత్తుకుంటె అప్పుడు ఒకటే రేటు పెట్టిన్రు. పదో తరగతి పాస్ కానోని పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ఉంటది, వానికి ప్రవాసీ భారతీయ బీమా లాజిమ్. 10 లక్షలు. మావానికీ ఉండె. కాని ఆ 10 లక్షలు హాద్సాల చనిపోతెనే. నిద్రల గుండె ఆగితె అది "నేచురల్". నలభై అయిదు డిగ్రీల ఎండల పద్దెనిమిదేండ్లు పైపులు మోసినోని గుండె నలభై దాటంగనే ఆగుడు ఖుద్రతీ మౌత్ అట! రాష్ట్ర సర్కార్ 2024 సెప్టెంబర్‌ల గల్ఫ్ మృతుల ఖాందాన్‌లకు 5 లక్షలు ఇస్తమని జీవో తెచ్చింది, దానికి దిల్ సే షుక్రియా. అది మయ్యత్ వచ్చినంక సంగతి. మయ్యత్ వచ్చే దాంక ఏంది?

కాబట్టి నా ముతాలబా ఎయిర్‌పోర్ట్ ఒద్దని కాదు. కట్టున్రి. ఆదిలాబాద్‌ల కట్టున్రి, రామగుండంల కట్టున్రి, పిల్లలకు విమానం చూపెడ్తం. కాని ఆ స్టేజీ మీద గల్ఫ్ పేరు తీయకున్రి. తీస్తె ఇంకో లెక్క కూడ చెప్పాలె. ఎయిర్‌పోర్టుల ఒక బోర్డు ఉంటది కద, ఏ ఫ్లైట్ ఎప్పుడు రావాలె, ఎప్పుడొచ్చింది, ఎంత లేటు అని. అసొంటి బోర్డు ఒకటి కరీంనగర్ కలెక్టరేట్‌ల పెట్టున్రి, జగిత్యాలల పెట్టున్రి, నిర్మల్ల, ఆదిలాబాద్‌ల పెట్టున్రి. ఏ దేశంల మౌత్, ఏ తారీఖు, ఈ రోజుకు ఎన్ని రోజులు, ఏ కాయితం ఎవల కాడ ఆగింది. పేర్లు రాయకున్రి, రోజులు రాయున్రి. మదద్ అని పోర్టల్ 2015 నుంచి ఉన్నది, దాంట్ల దరఖాస్తు ఏస్తె నంబర్ వస్తది. నంబర్ ఎవనికి కావాలె? మా ఫుప్పుకు ఉర్దూ తప్ప చదువరాదు, ఫోన్ల ఎరుపు బటన్, పచ్చ బటన్ తప్ప తెల్వదు. కలెక్టరేట్‌ల ఒక కుర్చీ, ఒక ఫోన్, అరబ్బీ, ఉర్దూ, తెలుగు వచ్చిన ఒక మనిషి కావాలె. మన కరీంనగర్ మదర్సాలల్ల చదివి అరబ్బీ ఫర్రున మాట్లాడే పిల్లలు నౌకరీ లేక అత్తర్ షాపుల కూసుంటున్నరు. ఒక రన్‌వే గజం ఖర్చుతోని వాళ్లల్ల ఒక్కనికి ఎన్ని నెలల తన్ఖా వస్తదో లీడర్ సాబే హిసాబ్ చేసుకోవాలె.

కొందరు దోస్తులు అంటరు, "నువ్వు జజ్బాతీ అయితున్నవు, కాయితాలు లేకుండ శవాన్ని ఏ మల్క్ పంపుతది?" అని. లేకుండ పంపమని నేనన్ననా? అవే కాయితాలు ఎవరో పెద్దసాబ్ చనిపోతె రెండు రోజులల్ల అయితయి. నేను అసొంటి వార్తలు కూడ రాసిన. అదే సంతకాలు, అదే మొహర్లు, అదే 3,100 కిలోమీటర్లు. ప్లంబర్ చనిపోతెనే భూమి పెద్దగైతదా?

ముప్పై ఏడో రోజు రాత్రి ఫ్లైట్ టైం కంటె ఇరవై నిమిషాల ముందే దిగింది. ఎనుక గాలి. ముసాఫిర్లు అరైవల్స్ కాడ దండలేసుకోని, సెల్ఫీలు దిగుకుంట బయటికొస్తున్నరు. మేము అటు పోలేదు, మా గేటు వేరే. కార్గో టెర్మినల్ కాడ మూడు గంటలు కూసున్నం. సంతకాలు పెట్టినం. నాలుగు కాపీలు. సర్కార్ అంబులెన్స్ దొరికింది, డ్రైవర్ సిరిసిల్లాయన, రాస్తా పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. సిద్దిపేట కాడ చాయ్‌కు ఆపి, మా పైసలు తీసుకోలేదు.

ఫజర్ అజాన్‌కు జర ముందు ఊర్లకొచ్చినం. టెంట్‌హౌస్ రాజన్న మూడోసారి షామియానా ఏసి, ట్యూబ్‌లైట్ పెట్టి, మా కోసం మేలుకోని కూసున్నడు. ఫుప్పు ఇంట్లకెళ్లి రాలేదు. లోపట్నుంచే పిలిచి అడిగింది. "బేటా, ఈ డబ్బ తెరువనిస్తరా?"